ఘోడాకు కట్టిన గుడ్డ

కేతేపల్లి,
28-8-1988

తమ్ముడు రజాక్‌కు,

సలాం. నువ్వు, ఇక్బాల్ బీ, మీ పిల్ల ఖమర్ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగా లేం.

మొన్న పీర్ల నాడు మన మొయినుద్దీన్ చేతిలో, నా కొడుకు చేతిలో, తుపాకి పేలి రాజం చనిపోయాడు. మా వెనకింటి మగ్గం రాజం, యాదమ్మ పెనిమిటి. నువ్వు వచ్చినప్పుడల్లా నీకు లుంగీ నేసి ఇచ్చేవాడే, వాడే. తుపాకి కూడా నువ్వు చేసిందే. ఆ ఎండాకాలం మా వాకిట్లో కూచుని పోచయ్యకు అమ్మావు చూడు, అడవి పందులకని, అది.

ఎట్ల జరిగిందో రాస్తాను, విను. మా ఊళ్లో పెద్ద పీరును ఎత్తేది రాజం ఇంటివాళ్లే, వాళ్ల తాత కాలం నుంచీ. పీరు లేచి పీర్ల కొట్టం అరుగు మీదికి రాగానే గాలిలోకి ఉత్త మందు దెబ్బ ఒకటి పేలుస్తారు. ఏటా పోచయ్యే పేల్చేవాడు. ఈసారి బిడ్డ కాన్పుకని నార్కట్‌పల్లి దవాఖానలో ఉండిపోయాడు. ఆయన భార్య సుగుణమ్మ దూలానికి ఉన్న తుపాకి తీసి పంపింది. ఎవరు పేల్చాలని మాటొచ్చింది. “వీని మామ తుపాకులు చేస్తడు, వీనికి రాకుంటె ఇంకెవలికొస్తది” అని నవ్వుతూ అందరూ మొయినుద్దీన్ చేతిలో పెట్టారు. వాడు నార్కట్‌పల్లిలో లారీల టైర్లు విప్పుకునే పిల్లాడు. ఊరంతా పిలిచి ఇస్తే మురిసిపోయాడు, పిచ్చోడు.

మందు పోశాడు, పైన ఇంత గోనె పీచు కూరాడు. ఉత్త మందే గదా అని నిట్టనిలువుగా ఆకాశానికి పెట్టలేదు, జనం తలల మీదుగా పెట్టాడు. అరుగు మీద ఎత్తులో రాజం ఉన్నాడు.

లోపల గుండ్లు ఉన్నాయి రజాక్! సీసపు గుండ్లు! రాజం పీరును పక్కవాడి చేతిలో పెట్టాడు, కింద పడనియ్యలేదు. ఆ తర్వాత తనే కూలబడ్డాడు. జీపులో దవాఖానకు తీసుకుపోతుంటే నకిరేకల్ దాటక ముందే ప్రాణం పోయింది.

మొయినుద్దీన్‌ను నల్లగొండ జైల్లో పెట్టారు. వాడు అన్నం ముట్టడం లేదట. “అమ్మీ, నేను మందే పోసిన, గుండ్లు పొయ్యలె” అని అదొక్కటే మాట. నాకు తుపాకి సంగతి ఏం తెలుసు? నువ్వు చేసేవాడివి, నువ్వు చెప్పు. ఎవరూ పొయ్యని గుండ్లు అందులోకి ఎక్కడి నుంచి వచ్చాయి?

నీ ఆపా,
జన్నత్ బీ


మక్తల్,
7-9-1988

ఆపాకు,

రజాక్ సలాంలు. నీ ఉత్తరం చదివేటప్పుడు ఒంటి మీద ఉన్నది రాజం నేసిన లుంగీయే. అది చూసుకుంటూ ఏడ్చాను. ఎంత మంచి మనిషి! పోయినసారి వచ్చినప్పుడు నాతో పందెం వేసి మరీ పచ్చి మిరపకాయలు తిన్నాడు. అల్లా ఆయన్ను తన నీడలో ఉంచాలి.

ఆపా, ఒక్క మాట అడుగుతాను. ఆ తుపాకి ఘోడాకు గుడ్డ కట్టి ఉందా? ఘోడా అంటే గొట్టం వెనక వంకరగా ఉంటుంది చూడు, వేలు నొక్కితే టక్కున పడి నిప్పు పుట్టించేది, అదీ. గుడ్డ ఉందో లేదో నాకు ఖాయంగా రాయి.

ఎందుకంటే ఇది మూతి నుంచి నింపే తుపాకి. ముందు మందు, దాని మీద గుండ్లు. నింపాక బయటి నుంచి చూస్తే నిండినదీ ఖాళీదీ ఒక్క తీరే కనిపిస్తాయి. రైతు పంది కోసం పల్లికాయ చేనులో కూచుంటాడు, పంది రాదు. తెల్లారి నింపిన తుపాకినే ఇంటికి తెచ్చి దూలానికి పెడతాడు. అందుకే మన అబ్బా పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నింపిన తుపాకి ఘోడాకు గుడ్డ పీలిక కట్టాలి. కట్టినవాడే విప్పాలి. నేను అమ్మిన ప్రతి మనిషికీ ఇది చెప్పే పంపిస్తాను. పోచయ్యకు నీ వాకిట్లోనే చెప్పాను, నువ్వు చాయ్ గ్లాసులు తెస్తున్నావు కూడా.

మొయినుద్దీన్ పోసింది మందే కావచ్చు. లోపల పోచయ్య అంతకుముందే నింపి పెట్టినది ఉండి ఉంటుంది. గుడ్డ లేకపోతే తప్పు పోచయ్యది. గుడ్డ ఉంటే మాత్రం వీడు చూసి కూడా ఎట్ల పేల్చాడు ఆపా? తుపాకులు చేసే ఇంటి మేనల్లుడు!

మీ దగ్గరి నుంచి పోలీసులు వచ్చిపోయారు. జర భయమేసింది గానీ కాగితాలన్నీ సాఫ్‌గా ఉన్నాయి. చేసి అమ్మడానికి నాకు లైసెన్సు ఉంది, పంట కాపలాకు పోచయ్యకు లైసెన్సు ఉంది. గుడ్డ సంగతి కూడా వివరంగా చెప్పాను. “మా ఇంట్ల పసిపిల్లల్ని అడుగుండ్రి సార్, గుడ్డ గట్టి ఉంటె ముట్టద్దని ఎరుకే” అన్నాను. అంతా రాసుకున్నారు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు, మీ తప్పేమీ లేదు అని. గొడ్డలితో ఎవడో ఎవణ్నో నరికితే గొడ్డలి చేసిన కమ్మరిని జైల్లో వేస్తారా? నా గొట్టం పగల్లేదు, నా ఘోడా దానంతట అది పడలేదు. నా పనిలో వంక లేదు. నా గురించి నువ్వు ఫికర్ పెట్టుకోకు.

మొయినుద్దీన్‌కు బెయిలు వచ్చేస్తుంది. వాణ్ని అన్నం తినమను.

నీ తమ్ముడు,
రజాక్


కేతేపల్లి,
16-10-1988

రజాక్‌కు,

బెయిలు రాలేదు. నీ వల్లనే రాలేదు.

పసిపిల్లలకు కూడా ఎరుకే అన్నావట గదా, ఆ మాటే మా నెత్తిన పడింది. ముందు వాడి మీద అజాగ్రత్త అని మాత్రమే కేసు ఉండేది. నీ వాంగ్మూలం వచ్చాక మార్చారు. గుండ్లు ఉన్నాయని తెలిసే జనంలో పేల్చాడని ఇప్పుడు రాశారు. మా వకీలు నన్ను ఎదురుగా కూచోబెట్టి చదివాడు. “మీ తమ్ముడే చెప్పాడమ్మా, వాళ్ల ఇంట్లో అందరికీ తెలుసని. మీ అబ్బాయి వాళ్ల ఇంటివాడే కదా” అన్నాడు.

వాడు మీ ఇంటివాడు ఎప్పుడయ్యాడు? మక్తల్‌కు తీసుకొచ్చినప్పుడల్లా వాణ్ని నీ దుకాణం మెట్టు ఎక్కనిచ్చానా నేను? ఆ ఇనుము వాసన కూడా వాడికి తగలొద్దని లోపలింట్లో కూచోబెట్టేదాన్ని. నువ్వు, ఇక్బాల్ బీ నన్ను చూసి నవ్వలేదా? ఇంతలోనే మరిచావా?

గుడ్డ ఉందా అని అడిగావు. ఉంది. ఆకుపచ్చ గుడ్డ పీలిక, పందులకని నింపి పెట్టినప్పుడు పోచయ్యే కట్టాడట. పీర్ల నాడు ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తే మా ఊళ్లో ఏమనుకుంటారో నీకు తెలియదా? పిల్లలు లేనివాళ్లు, జబ్బులవాళ్లు పీర్లకు మొక్కి కట్టే దట్టి అనుకున్నారు. పంటకు పందులు రావొద్దని పోచయ్య తుపాకికి దట్టి మొక్కాడని ఆడవాళ్లం చెప్పుకున్నాం. మొయినుద్దీన్ గుడ్డను విప్పకుండా జర పక్కకు జరిపి, భక్తిగా పేల్చాడు. మొక్కిన గుడ్డను విప్పితే పాపం గదా.

ఇంకొకటి కూడా విను. తుపాకి మా గడప ముందు నుంచి పోతుంటే నేను ఆపి, ఆ గుడ్డను కళ్లకద్దుకున్నాను. యాదమ్మ కూడా అద్దుకుంది. మా ఇద్దరికీ తెలిసి ఉంటే ఆ పని చేసేవాళ్లమా?

యాదమ్మ ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు. మునుపు పొద్దున లేస్తే నిప్పుకో, పెరుగు తోడుకో వచ్చేది. మగ్గం చప్పుడు లేక ఆ వెనక వైపు చెవులు పోయినట్టుంది నాకు. నిన్న బావి దగ్గర ఎదురై, “ఎరుకుండే కాల్చిండా జన్నతక్కా? మీ తమ్ముడే రాసిచ్చిండట గద” అని అడిగింది. నేనేం చెప్పాలి?

నువ్వు చెప్పింది నువ్వే దిద్దు. మొయినుద్దీన్‌కు ఎన్నడూ చెప్పలేదని రాసి ఇవ్వు.

జన్నత్ బీ


మక్తల్,
4-11-1988

ఆపాకు,

సలాం. నీ ఉత్తరంలో ఇక్బాల్ బీ గురించి కూడా ఒక ముక్క లేదు. ఆమె నెల రోజులుగా జ్వరంతో పడి ఉంది. నువ్వు అడుగుతావని చూశాను. సరే, పోనీ.

నన్ను అబద్ధం రాసి ఇమ్మంటున్నావు. చెప్పలేదని ఎట్ల రాస్తాను? పోచయ్యకు చెప్పాను. అల్లా సాక్షిగా చెప్పాను. చెప్పకుండా అమ్మాడు రజాక్ అని కాగితం మీద పడితే, లైసెన్సు ఇచ్చే ఆఫీసరు నా దుకాణానికి తాళం వేస్తాడు. అబ్బా ముప్పై ఏళ్లు ఆ మూలన కూచుని సానపట్టిన చోటు అది. నా కొడుకని చెప్పుకోవడానికి నాకు కొడుకు కూడా లేడు, ఆ దుకాణమే ఉంది.

ఇక్కడ ఈసారి పందులు జొన్న మొత్తం దొర్లించిపోయాయి. నిన్న ఒక ముసలి రైతు వచ్చి నా గడపలో కూచుని ఏడ్చాడు. “గింత తుపాకి ఇయ్యి భయ్యా, లేకుంటె చేను ఇడిసిపెట్టి పోవుడే” అని. వాళ్లకు నేను వద్దా? తుపాకి అంటే నీకు ఊరికే అసహ్యం, చిన్నప్పటి నుంచీ. ఇప్పుడు వంక దొరికింది.

ఇక్కడి వకీలును కూడా అడిగాను. అమ్మినవాడికి లైసెన్సు, కొన్నవాడికి లైసెన్సు, వస్తువులో లోపం లేదు. చట్టం నిన్ను అంటనే అంటదు అన్నాడు. చట్టమే అననిది నా సొంత అక్క అంటోంది.

రజాక్


కేతేపల్లి,
22-12-1988

రజాక్‌కు,

ఇక్బాల్ బీ జ్వరం సంగతి తెలియక అడగలేదు. ఇప్పుడు ఎట్లుంది? రాయి.

నిన్ను అబద్ధం ఆడమనలేదు. నువ్వు పోచయ్యకు చెప్పావు, నిజమే. నేనూ వినే ఉంటాను, చాయ్ గ్లాసుల ధ్యాసలో పట్టించుకోలేదు. నేను అడిగేది వేరు.

యాదమ్మ మొన్న మా గడపలోకి వచ్చింది. లోపలికి రాలేదు, గడపలోనే నిలబడింది. “గా గుడ్డ సంగతి ఊళ్లె ఎవలెవలికి ఎరుక?” అంది. పోచయ్యకు అన్నాను. “ఇంకెవలికి?” అంది. ఎవరికీ లేదు. సుగుణమ్మకు కూడా తెలియదు, ఆమే ఏడుస్తూ చెప్పింది. “ఊరంత మీద ఒక్కనికి ఎరుకైతె అది గుర్తెట్లయితదక్కా? గా ఒక్కడు గానాడు ఊళ్లెనే లేకపాయె” అంది.

అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. లోపల చావు ఉందో లేదో కంటికి కనబడని వస్తువు నువ్వు చేశావు. కనబడదని నీకు తెలుసు. దానికి గుర్తు ఒక పాత గుడ్డ అన్నావు. ఆ గుర్తు ఒక్క మనిషి చెవిలో చెప్పి బస్సెక్కి పోయావు. ఆ ఒక్క మనిషి ఇంట్లో భార్య ఉంటుంది, పిల్లలు ఉంటారు, అడిగి తీసుకుపోయే ఊరు ఉంటుంది అని నీకు తోచలేదా? గొట్టం పగల్లేదని రాశావు. గొట్టం పగిలినా బాగుండేది, నీ తప్పు కంటికి కనబడేది.

కమ్మరి గొడ్డలి చేస్తే అది గొడ్డలని చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది రజాక్. నీ తుపాకి సంగతి అట్ల కాదు గదా.

లైసెన్సు పోతుందని నువ్వు భయపడుతున్నావు. నా కొడుకు పోతున్నాడు. మా ఇంటాయన, మీ దూలాభాయి, ప్రతి బేస్తవారం నల్లగొండ పోయి వస్తారు. వచ్చి గోడకు తిరిగి పడుకుంటారు. వాడు ఇప్పుడు తండ్రితో వేరే మాటే మాట్లాడడం లేదట. “మామూ చెప్పిండంటె నాకు ఎరుకుండే ఉంటది, నేనే మర్సిపోయినేమో” అంటున్నాడట. నీ మాట మీద వాడికి అంత నమ్మకం. తన నోటితో తను తప్పు ఒప్పుకునేట్టున్నాడు, నా బిడ్డ.

జన్నత్ బీ


మక్తల్,
19-2-1989

ఆపాకు,

సలాం. రెండు నెలలు రాయలేదు. కోపంతో రాయలేదు. మొదట నీ మీద, తర్వాత నా మీద. ఇక్బాల్ బీ లేచి తిరుగుతోంది.

నీ ఉత్తరం చదివి, ఆపా ఏమెరుగును, మా వైపు అందరికీ తెలుసు గదా అని తిట్టుకున్నాను. తెలుసని చూపిద్దామని అంగడి రోజు ఒక ఖాళీ తుపాకి ఘోడాకు గుడ్డ కట్టి దుకాణం ముందు పెట్టుకుని కూచున్నాను. వచ్చినవాళ్లను అడిగాను, ఈ గుడ్డ ఎందుకో చెప్పండి అని. తుపాకి వాడే రైతులు చెప్పారు. మిగతావాళ్లలో ఒకడు తుడుచుకునే గుడ్డ అన్నాడు. ఒకావిడ దిష్టి తగలకుండా కట్టావా అంది. గాజులమ్మే సోమమ్మ, పదేళ్లుగా నా దుకాణం పక్కనే కూచునే మనిషి, “నీకు గుడ్డి నమ్మకాలు ఎక్కువ భయ్యా, అన్నిటికీ తాయెత్తులే” అని నవ్వింది.

ఇంటికొచ్చి ఖమర్‌ను అడిగాను. నా బిడ్డ, తొమ్మిదో తరగతి. తుపాకుల మధ్యన పుట్టింది. “దిష్టి గుడ్డ గదా అబ్బా” అంది. ఇక్బాల్ బీ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా అవునంది.

నా ఇంట్లోనే ఎవరికీ తెలియదు ఆపా. నేను అబ్బా దగ్గర నేర్చుకున్నాను కాబట్టి లోకానికంతా తెలుసనుకున్నాను. పోలీసుల ముందు రొమ్ము విరుచుకుని చెప్పింది నిజం కాదు. ఆ అబద్ధంతోనే వాణ్ని కట్టేశారు.

మొయినుద్దీన్‌ను ఒప్పుకోవద్దను. నేను కోర్టుకు వస్తాను. చెప్పింది తప్పని చెబుతాను. వాడికి తెలియదని, తెలియజెప్పాల్సింది నేనని, శిక్ష వేస్తే నాకు వేయమని చెబుతాను. లైసెన్సు పోతే పోనీ. నువ్వు మాత్రం వాణ్ని బువ్వ తినమను.

రజాక్


మక్తల్,
27-3-1990

ఆపాకు,

సలాం. తీర్పు రోజు నువ్వు నాతో మాట్లాడకుండా బస్సెక్కావు. పిలుద్దామని వచ్చేసరికి బస్సు కదిలింది. నేను సాక్ష్యం చెప్పిన రోజు నువ్వు బయట చెట్టు కింద ఉన్నావు, లోపల ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మేనల్లుణ్ని ముంచడానికే వచ్చానని అక్కడ ఎవరో నీతో అన్నారట. జరిగింది రాస్తాను.

బోనెక్కి అంతా చెప్పాను. గుడ్డ, అంగడి, ఖమర్, అన్నీ. వినేవాళ్లు విన్నారు. సర్కారు వకీలు లేచి, మొదట పోలీసులకు ఒకటి చెప్పి, ఇప్పుడు మేనల్లుడి కోసం మాట మారుస్తున్నాడు, ఇతన్ని నమ్మొద్దు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. “గప్పుడు చెప్పిందే అబద్ధం సార్, గిప్పుడు చెప్తున్నది నిజం” అని అరిచాను. జడ్జి గారు మెల్లగా మాట్లాడమన్నారు.

అప్పుడు నేను అన్నాను: “సార్, తుపాకి నేను చేసిన. నిండిందో లేదో తెల్వకుండ చేసిన. చెప్పాల్సినోళ్లకు చెప్పలె. పిలగాణ్ని ఇడిసిపెట్టి నా పేరు రాసుకోండ్రి.” ఆయన మంచి మనిషే, విసుక్కోలేదు. లైసెన్సు ఉందా అన్నారు. ఉందన్నాను. కొన్నవాడికి ఉందా? ఉంది. తుపాకి చెడిపోయిందా? లేదు. “అయితే మీ మీద కేసు ఏదీ లేదు. దిగండి” అన్నారు. నేను దిగలేదు. బంట్రోతు వచ్చి భుజం పట్టుకుని దించాడు.

మొయినుద్దీన్ నా వైపే చూస్తున్నాడు. వాడి కళ్లల్లో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. నన్ను దించుతుంటే వాడే ఏడ్చాడు.

ఐదేళ్లు. పేల్చినవాడికి ఐదేళ్లు, పోచయ్య లైసెన్సు పోయింది. నాకు ఏమీ లేదు. నిన్న నా లైసెన్సు మళ్లీ మూడేళ్లకు పొడిగించి ముద్ర వేసి ఇచ్చారు. ఆఫీసులో గుమాస్తా చాయ్ కూడా తాగించాడు. ఇంటికి ఎట్ల వచ్చానో నాకు గుర్తు లేదు. దుకాణం తెరుస్తున్నాను, మరమ్మతులు చేస్తున్నాను. కొత్తది మాత్రం చేయడానికి కూచుంటే, తీసిన గొట్టం మళ్లీ మూలన పెట్టేస్తున్నాను.

ఆపా, ఒక్కటే అడుగుతాను. నువ్వు మెత్తని మనిషివి, ఎప్పుడో ఒకప్పుడు మనసు కరిగి, పోనీలే తమ్ముడూ మాఫ్ చేశాను అని రాస్తావు. రాయకు. పోలీసులు విడిచిపెట్టారు, కోర్టు విడిచిపెట్టింది, సర్కారు విడిచిపెట్టింది. నువ్వు కూడా విడిచిపెడితే ఇక నేను ఎవరికి జవాబు చెప్పాలి?

నీ తమ్ముడు,
రజాక్


కేతేపల్లి,
15-4-1990

తమ్ముడు రజాక్‌కు,

సలాం. నీ ఉత్తరం అందింది. కోర్టులో నువ్వు ఆ మాటలన్నావని నాకు నిజంగా తెలియదు. మాట మార్చి పోయావనే విన్నాను. బస్సులో నిన్ను తిట్టుకుంటూ వచ్చాను.

ఉత్తరం యాదమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడు ఆమె బీడీలు చేస్తోంది, రాజం మగ్గం విప్పి అటక మీద పెట్టారు. చేతిలో ఆకు అట్లనే పట్టుకుని చివరిదాకా విన్నది. “కోర్టుల గంతమంది మాట్లాడిండ్రు గదక్కా. నాది తప్పు అన్నోడు గాయన ఒక్కడే. గాయన్నే దిగిపొమ్మన్నరా?” అంది. ఇద్దరం కూచుని ఏడ్చాం. రాజం పోయాక మేం కలిసి ఏడవడం అదే మొదటిసారి.

పోయేటప్పుడు, “రమ్మని రాయి. వచ్చి నా పిల్లలకు చెప్పుమను, వాళ్ల నాయిన ఎందుకు పోయిండో. నేనైతె తిట్టను” అంది.

మాఫ్ చేశానని రాయొద్దన్నావు. రాయడం లేదు. నువ్వు వద్దన్నందుకు కాదు తమ్ముడూ, ఎంత వెతికినా అది నాలో ఇంకా లేదు. వాడు ఇంటికి వచ్చాక ఉంటుందో లేదో, అదీ తెలియదు.

నువ్వు మాత్రం రా. ముందు యాదమ్మ ఇంటికి పో, తర్వాత మా ఇంటికి.

నీ ఆపా